నత్తలకు టిఫిన్

ఆ రోజులంటే మరీ పాత రోజులేం కావు, అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్న రోజులే. కానీ డిగ్రీ పూర్తయి, పోటీ పరీక్షలు వరసగా తప్పుతూ, తెనాలిలో మా ఇంట్లో మూడు పూటలా తిని కూర్చున్న కాలం కాబట్టి తలుచుకుంటే నాకు మాత్రం ఏదో యుగంలా అనిపిస్తుంది. అలాంటప్పుడు మనిషికి ఒక్క పనైనా సవ్యంగా చేశాననిపించుకోవాలని మహా తాపత్రయంగా ఉంటుంది. నా తాపత్రయమంతా ఒక గాజు తొట్టి మీద పడింది. మా మేడ మీద అద్దెకుండే ఆఫీసరు గారు బదిలీ మీద వెళ్తూ, "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా బాబూ" అని (ఊరంతా అనుకునే మాటే, పాపం ఆయన పైకి అన్నారు) తన చిన్న ఉప్పునీటి అక్వేరియం నాకు అప్పగించారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, అడుగున పంచదారలాంటి ఇసుక. నాన్న దాన్ని కాసేపు చూసి, "ఇదన్నా సరిగ్గా చూసుకో" అన్నారు. ఆ ఒక్క ముక్కలో నా డిగ్రీ, నా పరీక్షలు, నా భవిష్యత్తు అన్నీ ఉన్నాయి.

కొన్నాళ్ళకే ఆ ఇసుక మీద గోధుమరంగు జిగురు పట్టింది. మార్కెట్ వెనక చేపల తొట్లు అమ్మే భాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఇసుక శుభ్రం చేస్తుందని ఫోన్లో చూసిన సముద్ర నక్షత్రం కావాలన్నాను. "వద్దు తమ్ముడూ, నీ తొట్టి చిన్నది, తిండి చాలక చచ్చిపోద్ది. ఈ నత్తలు తీసుకెళ్ళు. ఇసుకలోనే దాక్కుంటాయి, చేపలు వదిలేసింది తిని శుభ్రం చేస్తాయి. నువ్వు వేరే ఏం పెట్టక్కర్లేదు" అన్నాడు. ఇంటికి తెచ్చి, ఇవి ఇసుక శుభ్రం చేయడానికి వచ్చిన పనివాళ్ళని అందరికీ గొప్పగా పరిచయం చేశాను. నాన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని, "మరి వీటి భోజనం?" అంది. అక్కర్లేదన్నాను. నాన్నమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నత్తలొచ్చాక ఇసుక బాగుపడాలి కదా, ఇంకా పాడైంది. పనివాళ్ళు చాలలేదనుకున్నాను. రేపల్లెలో రొయ్యల చెరువులున్న బాబాయి, "మా ఉప్పుటేట్లో కావలసినన్ని నత్తలురా, బకెట్ తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకున్నాను. వాటికి నా నీళ్ళు నచ్చలేదో, నా మొహమే నచ్చలేదో, గాజు ఎక్కి బయటికి నడిచి వెళ్ళిపోయాయి. ఒకటి నాన్న చెప్పులో దొరికింది. (నాన్న ఆ రోజు నుంచి చెప్పులు దులపకుండా తొడుక్కోలేదు.) తర్వాత బాపట్ల వెళ్ళి, సూర్యలంక ఒడ్డున ఎండలో వంగి వంగి, శంఖాలు మోసుకు తిరిగే బుల్లి పీతల్ని స్టీలు క్యారేజీలో పట్టుకొచ్చాను. అవి ఇసుక జోలికి పోలేదు సరికదా, వాటిలో ఒకటి భాయ్ ఇచ్చిన నత్తల్లో ఒకదాని ఇల్లు నచ్చి, ఇంటివాడిని తినేసి ఆ ఇంట్లో కాపురం పెట్టింది.

నీళ్ళు పాలలా మసకబారాయి, ఇసుక నల్లబడింది, హాలంతా వాసన. రెండు చేపల్లో ఒకటి ఓ మూల చేరి రొప్పుతోంది. దాని ముందు కూర్చుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పరీక్ష తప్పితే ప్రశ్నపత్రాన్ని తిట్టుకోవచ్చు, ఇక్కడ ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియలేదు. నేను ముట్టుకున్నదల్లా ఇంతేనన్న నమ్మకం కుదిరిపోయింది. నాన్న ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "ఆదివారం దాకా చూస్తాను. తర్వాత చేపలు భాయ్ దగ్గరికి, నువ్వు పుస్తకాల దగ్గరికి" అని తీర్పు చెప్పారు.

శనివారం పొద్దున స్నానానికి వెళ్ళి, తువ్వాలు మర్చిపోయి వెనక్కొచ్చాను. తొట్టి పక్కన స్టూలు మీద నాన్నమ్మ, చేతిలో ఇడ్లీల పళ్ళెం. మూత సందులోంచి చిన్న చిన్న ముక్కలు తుంచి వేస్తోంది. ఇసుకలోంచి నత్తలన్నీ తొండాలు పైకెత్తుకుని లేచి వస్తున్నాయి. "రండమ్మా, రండి, మెల్లిగా" అంటోంది.

"నాన్నమ్మా! ఏంటిది?"

"ఇడ్లీరా. చట్నీ వెయ్యలేదులే, కారమని."

"ఎన్నాళ్ళనుంచి?"

"వచ్చిన రోజునుంచీను. పన్లోకి వచ్చినవాళ్ళకి పెట్టకుండా ఎలారా? కొల్లిపరలో ఊడుపులప్పుడు కూలీల భోజనాలు కాందే నేను ముద్ద ముట్టేదాన్నా? మధ్యాహ్నం ఇంత పెరుగన్నం కూడా వేస్తున్నా. నన్ను చూస్తే చాలు, ఎలా లేచొస్తాయో చూడు!"

ఒళ్ళు మండిపోయింది. "కడుపు నిండితే అవి పని చెయ్యవు నాన్నమ్మా! మూడు పూటలా మెక్కి పడుకుంటాయి! పని చెయ్యనివాటికి ఎందుకు పెట్టడం?" అని వీధిలోకి వినపడేలా అరిచాను.

వాసన పడలేక వరండాలో టిఫిన్ చేస్తున్న నాన్న చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఒక్కరైనా నవ్వితే బాగుండుననిపించింది, ఎవరూ నవ్వలేదు. నాన్నమ్మ మాత్రం ఎగతాళేమీ లేకుండా, చాలా మామూలుగా అంది: "పన్లేదని ఎవరన్నా పెట్టడం మానేస్తారా ఏంటి? నీ ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, స్నానం చేసి రా."

స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటూ చాలాసేపు ఏడ్చాను. ఆ మర్నాడు ఆదివారం. నాన్న లుంగీ ఎగ్గట్టి, తీర్పు సంగతి ఎత్తకుండా, పాత నీళ్ళు పారబొయ్యడానికి బకెట్ తనే అందుకున్నారు. నాన్నమ్మ పెట్టడం మానేసింది కానీ, రోజూ స్టూలు మీద కూర్చుని, "వీడు పెట్టనివ్వడం లేదమ్మా" అని నత్తలకు సంజాయిషీ చెప్పుకునేది. కొన్ని వారాలకు ఇసుక తెల్లబడింది. మూల చేరిన చేప కూడా తేరుకుంది.

ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం, గదిలో అదే తొట్టి. నాన్నమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "నత్తలు తిన్నాయా?" అని అడుగుతుంది. తిన్నాయని అబద్ధం చెబుతాను. పనిలో పడి మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టిన రోజుల్లో నా గురించీ అదే అబద్ధం చెప్పి, ఏ పనీ లేకుండా వేడి వేడి ఇడ్లీలు తిన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.