ఆనందబాష్పాల రిక్రూట్‌మెంట్

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాట ఏదైనా కొత్తగా చెవిన పడితే చాలు, దాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఎంబీయే అయిపోయి, నల్లపాడు రోడ్డులో మిరపకారం ఎగుమతి చేసే ఒక కంపెనీలో హెచ్ఆర్‌గా చేరిన కొత్త (హెచ్ఆర్ విభాగమంతా నేనొక్కణ్నే, కుర్చీ కూడా స్టోర్స్ వాళ్లది). కారం నాణ్యత పరీక్షించే మా ల్యాబ్‌లోకి బీటెక్ పిల్లలు కావాలి. ఏ కాలేజీకి వెళ్లినా వాళ్లు కంపెనీ పేరు వినగానే "కారం మిల్లా సార్?" అని జాలిగా చూసి, సాఫ్ట్‌వేర్ వాళ్ల వరుసలోకి జారుకునేవాళ్లు. చివరికి ఒకరోజు మా యజమాని (మేమంతా పెద్దాయన అనేవాళ్లం) పిలిచి, "ఏవయ్యా, ఈసారి కూడా ఒట్టి చేతుల్తో వస్తే ఇంకో ఉద్యోగం చూసుకో" అన్నారు.

"ఎంప్లాయర్ బ్రాండింగ్ చేద్దామండి" అన్నాను. "అంటే?" "మన దగ్గర పని ఎంత హాయిగా ఉంటుందో పిల్లలకు చూపించాలండి." "హాయిగా ఉంటుందా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, సరే కానివ్వమన్నారు.

పెళ్లి వీడియోలు తీసే స్నేహితుణ్ని పిలిచాను. "ఎనక ఎర్రటి కుప్ప ఉంటే ఫ్రేము అదిరిపోద్దిరా" అని వాడు మమ్మల్ని కల్లంలో మిరపకాయల ముందు నిలబెట్టాడు. అకౌంట్స్ బాబాయి, ల్యాబ్ అక్క, నేను తలా ఒక మాట చెప్పాం. వాడు దానికి సన్నగా వయొలిన్ తగిలించాడు. చూసుకుంటే మాకు అంతా బ్రహ్మాండంగానే ఉంది. రోజూ చూసుకునే మొహాలు కదా, తేడా తెలియలేదు.

ఒంగోలు దగ్గర కాలేజీలో హాలు నిండింది. ముందు వరసలో ప్రిన్సిపాల్ పక్కన పెద్దాయన. తెర మీద మొదట బాబాయి వచ్చి, "ఈ కంపెనీ మా ఇల్లు లాంటిది" అంటూ కండువాతో కళ్లొత్తుకున్నాడు. తర్వాత అక్క, "ఇక్కడ ఆడపిల్లలకు ఎంతో ధైర్యం" అని ముక్కు చీదింది. ఆఖరున నేను. చెంపల మీద నీళ్లు ధారగా కారుతుండగా, గొంతు జీరబోయి, "నేనిక్కడ చాలా... చాలా సంతోషంగా ఉన్నాను" అన్నాను. వెనక వయొలిన్.

వీడియో అయిపోయింది. ఒక అమ్మాయి లేచి, "సార్, వీళ్లందర్నీ ఎవరన్నా కొట్టారా?" అని అడిగింది. వెనక నుంచి ఎవడో, "ఒరేయ్, మానేయకుండా బాండ్ రాయించుకునుంటార్రా!" అని అరిచాడు. ఇక హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అప్పుడు పెద్దాయన లేచారు. నవ్వీ నవ్వీ ఆయన కళ్లలోనూ నీళ్లే. "అది మిరపకాయ ఘాటమ్మా. మొదటి వారం కొత్తగా ఉంటది, తర్వాత ఆ ఏడుపే అలవాటైపోద్ది. నా మాట నమ్మొద్దు, బస్సు పంపిస్తా, వచ్చి చూసుకోండి" అన్నారు. బస్సు నిండా వచ్చారు. తుమ్ముకుంటూనే ల్యాబంతా తిరిగారు, నానా ప్రశ్నలూ వేశారు. నలుగురు చేరారు, ఆ అమ్మాయితో సహా. "బ్రాండింగంటే ఏందో అనుకున్నా, బానే పని చేసిందయ్యా" అని పెద్దాయన నా భుజం తట్టారు. ఆయన మెచ్చుకున్నారో వెక్కిరించారో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు నేను కాలేజీలకు కోటు వేసుకుని వెళ్తాను. స్టూడియోలో తీయించిన వీడియో, చల్లటి హాలు, తడుముకోకుండా గంటసేపు ఉపన్యాసం. పిల్లలు మర్యాదగా వింటారు, మర్యాదగా ఫోన్లు చూసుకుంటారు. ఒక్కరు కూడా లేచి నిలబడి ఏమీ అడగరు.