రక్తపిశాచి తెల్లచొక్కా

బచేలి ఇనుపగని క్వార్టర్లో అన్నయ్యా నేనూ రోజూ ఆడే వీడియోగేమ్‌లో హీరో ఒక రక్తపిశాచి. కోటగోడను ఒక్క గెంతులో దాటేవాడు. మోకాలి లోతు నీళ్లలో దిగితే మాత్రం చచ్చేవాడు. అది లోపమా, లోతైన ఆలోచనా అని అభిమానులు ఇంటర్నెట్‌లో నెలల తరబడి కొట్టుకున్నారు. మేమూ తక్కువ తినలేదు. లెక్కల పరీక్ష పక్కనపెట్టి, పిశాచాల శరీరధర్మాల మీద పేజీలు నింపాం.

ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో నాన్న డ్యూటీ బట్టలు ఉతుకుతోంది. వాటికి మా ఇంట్లో బకెట్టే వేరు. ఇనుపరాతి దుమ్ముకు నాలుగోసారి జాడించినా నీళ్లు ఎర్రగానే దిగేవి. మా వాదన వినీ వినీ విసుగొచ్చి, తడిచేతులతో లోపలికొచ్చింది. తెరమీద హీరో అప్పుడే ఒక గుంపును నరికేసి, రక్తపు మడుగులో కుచ్చుల తెల్లచొక్కాతో నిలబడ్డాడు. ఒక్క మరక లేదు.

"నీళ్లు తగిల్తే సచ్చిపోతాడా ఈడు?"

అవునన్నాం.

"మరి ఆ సొక్కా ఎవులు ఉతికినారేటి?"

అన్ని నెలల్లో ఒక్క అభిమానికీ తట్టని ప్రశ్న అది. ఆ ఎర్రనీళ్ల బకెట్ పక్కనుంచే రోజూ తెల్లచొక్కాలతో బడికి వెళ్లిన మాకూ తట్టలేదు.