ఎర్ర దారం కట్టిన అనుములు

మా మామ్మ ఇక లేదని కింద ఇపో పట్నంలోని ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కొండ మీద ఆవులకి మేత వేస్తున్నాను. ముందురోజు ఫోనులో నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట తన ఒంటి గురించి కాదు. "పైన సలి ఎలాగున్నాదే? ఆకులు పసుపెక్కినాయేటి?" అని అడిగింది.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, మలేషియాలోని కేమరన్ హైలాండ్స్ కొండల్లో తేయాకు కోసి పిల్లల్ని పెంచింది. పని మానేశాక రెండు ఆవుల్ని పెట్టుకుంది. ఉత్త గడ్డితో వాటి కడుపు నిండేది కానీ పాలు పెరిగేవి కావు. పప్పుజాతి మేత కూడా ఉండాలని ఇపోలో చుట్టాల పెరటి నుంచి అనుములు తెచ్చి చల్లింది. కింద ఎండలో దట్టంగా అల్లుకునే ఆ తీగ మా చలికి పసుపెక్కి ఎదగకుండా ఆగిపోయింది.

"ఆవులకి పప్పన్నం పెడతావేటి పెద్దమ్మా? అప్పడం కూడా ఏసెయ్ లా" అని పక్కింటి అత్త, ఇక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి, నవ్వింది.

"నీకైతే ఏస్తాను, రాయే" అంది మామ్మ.

పచ్చగా మిగిలిన నాలుగు మొక్కల గింజలు దాచి మరుసటి ఏడు చల్లింది. ఇక ఏటా అదే పని. తెల్లవారగానే మడిలో వంగి, తేయాకు కోసిన ఆ వేళ్ళ వెనకవైపుతో ఒక్కో ఆకునూ తాకేది. చలికి వాడని మొక్కకి గుడిలో ఇచ్చిన ఎర్ర దారం కట్టేది. దారం ఉన్నది విత్తనానికి, లేనిది ఆవుకి.

ఆ సంగతి నాకు తెలియని రోజుల్లో, డిసెంబరు సెలవుల్లో, మామ్మకి జ్వరం వచ్చింది. మేత కోసుకు రమ్మంది. దారం కట్టినవే ఏపుగా ఉన్నాయి. కోతకి గుర్తనుకుని అన్నీ మొదలంటా కోసేశాను. అన్నేళ్ళుగా ఏరిన గింజంతా ఆ మడిలోనే ఉంది, ఇంట్లో ఒక్కటీ దాచి లేదు.

మామ్మ వచ్చి చూసింది. నేను ఏడుస్తుంటే, "ఊరుకోయే. ఆవు మంచిదే తిన్నాది లా" అంది. మడి మాత్రం తవ్వనివ్వలేదు. రోజూ పొద్దున్నే ఆ మొదళ్ళనే చూసేది. కొన్ని వారాలకి, అంత చలిలోనూ, మూడు మొదళ్ళు చిగురు వేశాయి.

"సలికి నిలబడితే సాలదే, కత్తికీ నిలబడాల. నాకీ ముక్క తెలీలేదు. నువ్వే సూపించినావు" అంది. నా తప్పుని తన పాఠంగా చెప్పుకున్న మనిషి ఆమె.

ఆ మూడింటి గింజలు పోసిన డబ్బా మీద, అప్పుడే నేర్చుకుంటున్న తెలుగులో, "చలికీ కత్తికీ నిలిచినవి" అని రాశాను. తనకి చదువు రాదు. నా చేత రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు పక్క లోయలో మేకలు పెంచే మలయ్ పెద్దాయన కూడా ఆ గింజలే చల్లుతాడు. ఆయన వాటిని 'కచాంగ్ నెనెక్' అంటాడు, అవ్వ చిక్కుడు అని. అంత్యక్రియలకి వచ్చి నా పక్కన నిలబడి, "ఇక దారం ఎవరు కడతారు?" అని మలయ్‌లో మెల్లగా అడిగాడు. మామ్మ ఆసుపత్రిలో ఉన్నందువల్ల ఈ ఏడు ఒక్క మొక్కకీ దారం పడలేదు.

మర్నాడు పొద్దున్నే మడిలోకి దిగాను. మొదటి వరసలో నా వేళ్ళకి ఏ తేడా తెలియలేదు. రెండో వరసలోనూ అంతే. మూడో వరసలో ఒక ఆకు దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది. వంగి దారం కట్టాను. ముడి మీదికి ఒక మంచు బొట్టు జారి, ఎర్రగా, రాలకుండా నిలబడింది.