అమ్మ వేసిన కచ్చా కుట్టు

కచ్చా కుట్టు కనబడితే తీసేదాకా నా చేయి ఊరుకోదు. అసలు కుట్టు పడ్డాక కూడా జాకెట్టుకి ఆ పైపై దారం వేలాడుతుంటే, వేలాడేది టైలరు పరువేనని మా నాన్న అనేవాడు. అమలాపురంలో ఆయన మిషను పక్కన కూర్చుని నేర్చుకున్న మొదటి పాఠం అది. కువైట్‌లోని సాల్మియాలో పదమూడేళ్ళుగా అరబ్బు ఆడవాళ్ళ అబాయాలు పొట్టి చేస్తూ, జాకెట్లు కుడుతూ దాంతోనే నెట్టుకొచ్చాను. దానివల్లే ఒకసారి పెద్ద తప్పు చేశాను.

మా షాపుకి ప్యాంట్ల పొడుగు తగ్గించుకోడానికి ఒక డ్రాయింగు టీచరు వచ్చేది. మొదటిసారి చూసి "ఫిలిప్పీనా?" అని అడిగాను. ఇక్కడ అందరం ఆవిడని అడిగే ప్రశ్న అదేనట. నవ్వి, "హ్మోంగ్" అంది. అలాంటి దేశం నేనెప్పుడూ వినలేదన్నాను. "మాకు దేశం లేదు, బట్టలున్నాయి" అంది. వాళ్ళ అమ్మానాన్నలు లావోస్ కొండల నుంచి యుద్ధానికి భయపడి పారిపోయి, క్యాంపుల్లో బతికి, అమెరికా చేరారట. చాలాకాలం వాళ్ళ భాషకి లిపి లేదట. చెప్పాల్సింది గుడ్డ మీద కుట్టేవాళ్ళట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కుట్టుతో చెప్పడమంటే ఎలాగ?

అందుకే ఆవిడ ఒక పని అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అలాంటి బట్టలు దాచుకున్న ఇద్దరు ముగ్గురు కలిసి కువైట్ సిటీలో చిన్న ప్రదర్శన పెడుతున్నారు. గోడకి వేలాడదీయడానికి ఒక్కో గుడ్డ వెనకా పట్టీ కుట్టాలి. హాలు ఇంకా సిద్ధం కాలేదు కాబట్టి గుడ్డలన్నీ దజీజ్‌లో ఒక గోడౌన్‌లో పెట్టారు. శుక్రవారం షాపు సెలవు, వెళ్ళాను. బయట ఎండ మండిపోతుంటే లోపల దుప్పటి కప్పుకునేంత ఏసీ. మనుషుల కోసం కాదు, గుడ్డల కోసమట.

అక్కడ ఊడ్చి తుడిచే ఆవిడది రాయచోటి పక్క ఊరు. తెలుగు చెవిన పడగానే చీపురు పక్కన పెట్టేసి నా దగ్గర చేరింది. ఒక నీలం గుడ్డ మీద మెలికలు తిరిగిన కుట్టు చూపించి, "అక్కా, మా ఇంటి ముందర ఏసే మెలికల ముగ్గే గదా ఇది!" అంది. నేను టీచర్ని అడిగి చెప్పాను, అది నత్త అని.

"నత్తా! ముగ్గులోకి నత్త యాడనుంచి వచ్చె?" అని ఆవిడ చాలాసేపు నవ్వింది.

పిల్లల్ని వీపుకి కట్టుకునే గుడ్డ ఇంకొకటి ఉంది, నిండా పూలు. పైనుంచి చూసే దుష్టశక్తులు పిల్లని చూసి పువ్వనుకుని వదిలేయాలట. మేము దిష్టి తగలకుండా బుగ్గన నల్లచుక్క పెట్టి పిల్లని కాస్త వికారం చేస్తాం. వీళ్ళు పువ్వునే చేసేస్తారు. ఈ తేడా నాకు భలే నచ్చింది. దారం దేనితో తీస్తారు, రంగు అంటకుండా మైనం దేనితో గీస్తారు, నీలి రంగులో ఎన్నిసార్లు ముంచుతారు అని టీచర్ని పీక్కుతిన్నాను. ఆవిడ విసుక్కోలేదు.

మధ్యాహ్నం ఆవిడకి హాలు నుంచి ఫోనొస్తే బయటికి వెళ్ళింది. మిగిలినది ఒక్కటే, తాడులా చుట్టిన పరికిణీ. విప్పి చూస్తే వేళ్ళతో లెక్కపెట్టలేనన్ని సన్న కుచ్చిళ్ళు. వాటిని అడ్డంగా నాలుగు వరసల్లో తెల్లదారం కట్టి పట్టుకుంది. కచ్చా కుట్టు! ప్రయాణంలో నలగకుండా ఎవరో వేసి, తీయడం మరిచిపోయారనుకున్నాను. నా బుల్లి కత్తెర తీసి నాలుగు వరసలూ కోసేశాను. దారాలు వేలికి చుట్టి, ఉండ చేసి, బొత్తాల డబ్బాలో పడేశాను. కుచ్చిళ్ళు ఒళ్ళు విరుచుకున్నట్టు విడిపోతుంటే ముచ్చటేసింది.

టీచరు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అరిచినా బాగుండేది.

"అది మా అమ్మ కుట్టు" అంది.

ఆ పరికిణీ వాళ్ళమ్మ కూతురి కోసం చేసిందట. కుచ్చిళ్ళు నిలవాలని అలా కుట్టి చుట్టి పెడతారట. కూతురు కువైట్ వచ్చిన ఏడాదే ఆవిడ పోయింది. అప్పట్నుంచి ఆ దారం ఎవరూ ముట్టలేదు. ప్రదర్శనలో కూడా కుట్టు విప్పకుండానే, అమ్మ కట్టినది కట్టినట్టే పెడదామని అద్దాల పెట్టె, పక్కన చీటీ కూడా సిద్ధం చేసుకుంది. ప్రారంభం సోమవారం.

తప్పు నాదని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువొస్తుంది. "ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది.

"ఏడిస్తే దారం అతుక్కుంటాదా అక్కా, సూది తీయి" అంది రాయచోటి ఆవిడ. అప్పటికి నాకు తోచనిది ఆవిడకి తోచింది.

ముక్కలైన దారం పనికిరాదు. కానీ గుడ్డని దీపం కింద పెడితే పాత సూది రంధ్రాలు కనబడ్డాయి. ఇన్నేళ్ళు అలాగే ఉండడంతో పూడిపోలేదు. అవే రంధ్రాల్లోంచి కొత్త దారం పోనిస్తాను, ఒక్కటి కూడా కొత్తగా పొడవనని మాటిచ్చాను. శుక్రవారం మిగతా పొద్దంతా, షాపు మాని శనివారమంతా అదే పని. మొదలుపెట్టిన కాసేపటికే ఒకటి గమనించాను. మొదలుపెట్టేచోట గట్టితనం కోసం రెండుసార్లు పొడిచిన రంధ్రాలు ఎడమ కొసన ఉన్నాయి. మేమైతే కుడి నుంచి మొదలుపెడతాం.

"మీ అమ్మగారిది ఎడమచేతి వాటమా అండీ?"

టీచరు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అవును. మీకెవరు చెప్పారు?"

గుడ్డే చెప్పింది. మూడు వరసలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. నాలుగోది ఆఖరి జానెడు దగ్గరికి వచ్చేసరికి రంధ్రాలు దూరం దూరంగా, వంకరటింకరగా పడ్డాయి. ఒంట్లో బాగాలేకేమో అనుకుని, "ఇక్కడ ఏమైందండీ?" అని అడిగాను.

ఆవిడ వేలితో ఆ జానెడూ తడిమింది. "ఇది కుట్టిన రోజే నా ఫ్లైటు. బయట కారు హారను కొడుతోంది. అమ్మ ఇంకా కుడుతూనే ఉంది. పెట్టెలో పెట్టి ఒకటే మాట అంది, ఎక్కువ రోజులు దాచుకోకు అని."

ఆ మాట చెప్పి, అప్పుడే మొదటిసారి విన్నట్టు నన్ను చూసింది. నేను సూది ఆపేశాను.

"ఇక కుట్టకండి" అంది. నా కత్తెర అడిగి తీసుకుని, నేను రెండ్రోజులు కళ్ళు పోగొట్టుకుని వేసిన కుట్టంతా తనే కోసేసింది. నా ప్రాణం కాస్త ఉసూరుమంది, నిజం చెప్పొద్దూ. తర్వాత బొత్తాల డబ్బాలోంచి వాళ్ళమ్మ దారపు ఉండ తీసి ఇచ్చాను.

సోమవారం హాల్లో అద్దాల పెట్టెలో ఆ ఉండ ఒక్కటే ఉంది. పరికిణీ టీచరు కట్టుకుంది. జనం లోపలికి రాకముందే రాయచోటి ఆవిడ కాగితం పొట్లంతో వచ్చింది. "కొత్త బట్ట కట్టుకుంటే పసుపు పెట్టాల గదా. ఈ మామాకి చెప్పక్కా." కువైట్‌లో పనిచేసేవాళ్ళు అమ్మగార్లని మామా అనే అంటారు.

ఎప్పటిదో పాత బట్టే అది అనబోయి మానుకున్నాను. ఒక్కసారీ కట్టని బట్ట ఎన్నేళ్ళున్నా కొత్తదే. టీచరు నడుంపట్టీ మడిచి లోపలి అంచు చూపించింది. అక్కడ ఇంత పసుపు అద్దాను.

ఒక పెద్దావిడ ఆగి, పరికిణీ చూపించి, ఇది ఎవరు చేశారని అడిగింది. నేను తలుపు వెనక్కి జరగబోయాను. టీచరు నా చేయి పట్టుకుంది.

"కుట్టింది మా అమ్మ," అంది, "విప్పింది ఈవిడ."