కూర్మమ్మ నమ్మని రక్తపరీక్ష

కళింగపట్నంలో కూర్మమ్మ ఎండబెట్టిన నెత్తళ్ల చేపలంటే శ్రీకాకుళం బజారులో పడిచచ్చేవారు. ఇసక రేణువు అంటనిచ్చేది కాదు. ముప్పయ్యేళ్లు నిండాయో లేదో, వేళ్ల కీళ్లు వాచి పొద్దున్నే తట్ట ఎత్తలేకపోయింది. బుగ్గల మీద ఎర్రటి మచ్చ పరుచుకుంది. ఎండదెబ్బ అన్నారంతా. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే మొగుడు ధనరాజు భయపడి, శ్రీకాకుళంలో డాక్టర్ అనూరాధ దగ్గరికి తీసుకెళ్లాడు.

"దీన్ని లూపస్ అంటారు. రోగాలతో పోరాడాల్సిన బలమే తిరగబడి మన ఒంటిని తింటుంది. ఎండలోకి వెళ్లకు," అంది డాక్టరమ్మ.

ఎండ లేకుండా చేపలెలా ఎండుతాయి? కూర్మమ్మ మొహానికి తువ్వాలు చుట్టుకుని పనిలోకి దిగింది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలకి నొప్పులు తగ్గాయిగానీ మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. "ఏటే, అంత ఒళ్లు సేసినావు?" అని బజారులో నవ్వితే తలెత్తలేకపోయేది. పోనుపోను మోతాదు తగ్గించారు. మచ్చ మాసింది, మొహం తేరుకుంది.

సరిగ్గా అప్పుడే రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ గంభీరంగా అయిపోయింది. "రక్తంలో సీ3 అని ఒకటుంటుంది. లూపస్ రేగితే అది పడిపోతుంది. నీకు బాగా పడిపోయింది. మన సొంత డీఎన్ఏ మీదే దాడి చేసే యాంటీబాడీలు పెరిగాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీ మీద పడుతోందమ్మా. మందు పెంచాలి."

"నాకేటీ నొప్పి లేదు కదమ్మా!"

"కిడ్నీ నొప్పి పెట్టదు. అందుకే రక్తం చూస్తాం."

బయటికొచ్చి కూర్మమ్మ మొగుడితో తెగేసి చెప్పింది. "ఆ ఉబ్బు మొకం మళ్లీ నాకొద్దు మావా. నా ఒళ్లు నాకు తెల్దా?"

కళకళలాడుతున్న ఆ మొహం చూసి ధనరాజు కూడా నమ్మాడు. ఆమె పాత మాత్రలు సైతం మానేసింది.

వానలు పడేసరికి కాళ్లు వాచాయి. కొత్త నీళ్లు ఒంటికి పడలేదన్నారు పేటలో. మూత్రం నురగ కట్టింది. ఒకనాడు ఊపిరందక చేపల మధ్యనే కూలబడిపోయింది.

ఇప్పుడు రోజు విడిచి రోజు డయాలసిస్. డయాలసిస్ ఉన్న రోజున ధనరాజు చేపల వేటకెళ్లడు, వార్డు బయట గోడకి జారబడి కూర్చుంటాడు. తొలిసారి మిషనుకి కట్టినప్పుడు అనూరాధ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నా కిడ్నీలు మళ్లీ బాగవుతాయా అమ్మా?"

"కష్టమే. ఇక గుండె మీద, మెదడు మీద పడకుండా చూసుకోవాలి. రక్తం తీయించనా?"

కూర్మమ్మ రెండో చెయ్యి ముందుకు చాపి, మొహం గోడవైపు తిప్పుకుంది.