వీప్కె, నాలుగు టాయిలెట్ల ఓడ

పొద్దున ఆరున్నరకి, అతిథులు ఇంకా గుర్రుపెడుతుండగానే, వీప్కె ఒక చేత్తో వెనిగర్ సీసా, ఇంకో చేత్తో అంచు విరిగిన టీకప్పు పట్టుకుని మెట్లు దిగేది. ఓడలో టాయిలెట్లు నాలుగు. ఒక్కోదాంట్లో కప్పు వెనిగర్ పోసి, చేతిపంపు మూడుసార్లు కొట్టి, ఆ పులుపు గొట్టంలో నిలిచేలా వదిలేసేది. ఉప్పునీళ్లూ మూత్రమూ కలిస్తే గొట్టం లోపల సున్నం పేరుకుంటుంది. మణికట్టంత లావు గొట్టం నాలుగేళ్లలో బొటనవేలంత సన్నబడుతుంది. శనివారం నాడు వెనిగర్ తర్వాత గరిటెడు వంటనూనె కూడా పోసేది, పంపు లోపలి రబ్బరు ఎండిపోకుండా. ఈ పని చేస్తున్నందుకు ఆమెని ఎవరూ మెచ్చుకోలేదు. చేయని రోజు మాత్రం ఓడంతా ఆమె పేరే పిలిచేది.

ఓడ పేరు ఫ్రౌ హిల్కె. రెండు తెరచాప కొయ్యలూ చదునైన అడుగూ ఉన్న పాత సరుకు ఓడ. ఒకప్పుడు బంగాళాదుంపలు మోసింది. ఇప్పుడు హార్లింగెన్ రేవు నుంచి దీవులకీ ఇసుకమేటలకీ, ఏప్రిల్ మొదలు అక్టోబరు దాకా, వారానికి రెండుసార్లు ఇరవై నలుగురు అతిథుల్ని మోస్తోంది. బంగాళాదుంపలకి టాయిలెట్లు అక్కర్లేదు కాబట్టే ఆ రోజుల్లో ఓడవాళ్లు సంతోషంగా ఉండేవాళ్లని వీప్కె అంటూండేది. నవ్వుతూ అనేది కాదు.

అతిథులు ఎక్కగానే మొదటి కాఫీ దగ్గర ఆమె ఒక జాము సీసా తెచ్చి బల్ల మీద పెట్టేది. అందులో జాము ఉండదు. పళ్ల సందులు తోముకునే దారపు ఉండ ఒకటి, చెవిపుల్లలు, ఒక పసివాడి మేజోడు, జుట్టు పిన్నులు, ఎవరో పెద్దాయన కట్టుడు పన్ను. అన్నీ ఆమె భుజం దాకా చేయి పెట్టి గొట్టాల్లోంచి తీసినవే. కాగితం నాలుగు ముక్కలకి మించొద్దని, పంపు ఇరవైసార్లు కొట్టాలని, పదికే ఆపితే మిగతాది దారిలోనే కూర్చుంటుందని చెప్పేది. తడి టిష్యూల గురించి చెప్పేటప్పుడు గొంతు మారేది. ప్యాకెట్ మీద టాయిలెట్లో వేయొచ్చు అని రాసినవాణ్ణి ఒక్కసారి నా ఓడకి తీసుకురండి, వాడి చేతే తీయిస్తాను అనేది. అందరూ నవ్వేవాళ్లు. సాయంత్రానికి వాళ్లలో ఒకరు వేసేవాళ్లు.

ఆమె ఈ ఓడకి వచ్చింది ముప్పై అయిదో ఏట, రొయ్యలు ఒలిచే షెడ్డు మూతపడ్డాక. అప్పటి సరంగు ఊనె. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కళాసి పని, వంట పని రెండూ నీవేనన్నాడు. మూడో పని సంగతి చెప్పలేదు; అది చెప్పకుండానే ఆమె నెత్తిన పడింది. ఊనె మంచి పని ఒకటి చేశాడు. మురుగు ట్యాంకు పెట్టించిన ఏడాది, దాని అడుగున సముద్రంలోకి తెరుచుకునే వాల్వుకి ఉన్న ఇనప పిడి ఊడదీసి, వంటగదిలో వెనిగర్ సీసా పక్కన మేకుకి తగిలించాడు. తీరంలో ట్యాంకు వదలడం నేరం. రేవులో తోడే యంత్రం దగ్గర ఖాళీ చేయించాలి. ఎవరికైనా బుద్ధి గడ్డి తిని ఆ వాల్వు తెరవాలనిపిస్తే, ముందు వంటగదికి వచ్చి వీప్కె ముఖం చూసి పిడి అడగాలి. పదహారేళ్లలో ఎవరూ అడగలేదు.

ఊనె మోకాళ్లు పాడయ్యాక కొడుకు రోమర్ట్ సరంగు అయ్యాడు. రోమర్ట్ ఆమె కళ్లముందు పెరిగినవాడే. పన్నెండేళ్లప్పుడు మోకుకి ముడి వేయడం నేర్పింది ఆమే. ఇప్పటికీ పిన్నీ అనే పిలుస్తాడు. తెరచాపలు అతని చేతిలో మాట వింటాయి. అది వీప్కె ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. కానీ డెక్కు కింద ఉన్నదేదీ అతనికి ఓడలా కనిపించదు. ఓడ ప్రచారానికి వేసిన రంగుల కాగితంలో ఫొటోలు తొమ్మిది. ఎనిమిదింట్లో రోమర్ట్, ఒకదాంట్లో బఠాణీ సూపు. సూపు వండిన చేతులు కూడా పడలేదు.

నాలుగేళ్ల కిందట, మే నెలలో, డెవెంటర్ నుంచి ఒక గాయకబృందం ఎక్కింది. అంతా ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు. వాళ్లు ఎక్కిన శుక్రవారం రేవులో తోడే యంత్రం దగ్గర మూడు ఓడలు వరసలో ఉన్నాయి. వరసలో నిలబడితే పోటు తప్పిపోతుందని రోమర్ట్ ట్యాంకు ఖాళీ చేయించకుండానే తాడు విప్పేశాడు. వీప్కె వద్దంది. ఏం కాదులే పిన్నీ, వీళ్లంతా ముసలివాళ్లు, ఎంతని పోస్తారు అన్నాడు. ముసలివాళ్లే ఎక్కువసార్లు వెళ్తారని, నీకూ ఆ వయసు వస్తుందని ఆమె అంది. అతను నవ్వి చుక్కాని దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ట్యాంకు ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. ఆ రోజు ఓడని ఇసుకమేట మీద దించాలి. ఈ సముద్రంలో ఓడవాళ్లకి అది అలవాటైన పనే. పోటు ఉండగానే మేట మీదికి వెళ్లి లంగరు వేస్తారు; నీళ్లు వెనక్కి తీశాక ఓడ ఇసుక మీద కూర్చుంటుంది; అతిథులు నిచ్చెన దిగి చెప్పుల్లేకుండా మైళ్ల కొద్దీ నడుస్తారు. ఆరు గంటల తర్వాత నీళ్లొచ్చి మళ్లీ ఎత్తుకుంటాయి.

తొమ్మిదింటికి వీప్కె వెనిగర్ సీసా పక్కకి జరపబోతూ చూసింది. మేకుకి పిడి లేదు.

ఆ క్షణంలో పైకి వెళ్లి అడగాల్సింది. వెళ్లలేదు. ముందురోజు భోజనాల దగ్గర రోమర్ట్ అతిథులకి ఆమెని చూపించి, మా ఓడలో అసలు సరంగు ఈవిడే, నేను గాలి వాటం చూసే కుర్రాణ్ణి అని వేళాకోళం చేశాడు. అందరూ నవ్వారు. ఇప్పుడు వెళ్లి అడిగితే మళ్లీ అదే నవ్వు. వాల్వుకి గ్రీజు పూస్తున్నాడేమో అనుకుని ఆమె దుంపల చెక్కు తీయడానికి కూర్చుంది. తన మీద తనకి ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

రోమర్ట్ లెక్క ఒకటి ఉంది. నీళ్లు తీస్తున్నాయి, నడిపాయలో ఒక్క అరగంట వాల్వు తెరిస్తే సరుకంతా సముద్రం పట్టుకుపోతుంది, మేట దగ్గరికి రాగానే మూసేయొచ్చు. పడవలు నడిపేవాడే ఇలాంటి లెక్క వేస్తాడు. నీళ్ల మీద ఉన్నది తప్ప నీళ్ల కింద ఉన్నది చూడడు. ట్యాంకు ఉన్నది సముద్రపు మట్టానికే కాబట్టి బయట నీళ్లున్నంతసేపూ అందులోంచి పెద్దగా ఏమీ కదలలేదు. పైగా తూర్పుగాలి. తూర్పుగాలి వీస్తే ఇక్కడ నీళ్లు గంట ముందే వెళ్లిపోతాయని హార్లింగెన్‌లో పాలు పోసేవాడికి కూడా తెలుసు. మేట ముందే బయటపడుతోందని చూసి రోమర్ట్ హడావుడిగా తెరచాపలు దించాడు, లంగరు వేశాడు, వాల్వు సంగతి మర్చిపోయాడు. ఓడ కూర్చుంది. బయట నీళ్లు దిగిపోయాయి. లోపల ఉన్నదంతా అప్పుడు బయల్దేరింది.

కూర్చున్న ఓడ చుట్టూ ఇసుకలో ఎప్పుడూ ఒక గుంట మిగులుతుంది, మోకాలిలోతు నీళ్లతో. ఎండకి ఆ నీళ్లు వెచ్చబడతాయి. అతిథులు ముందు అందులోనే కాళ్లు పెడతారు.

మొదట దిగింది హెసీనా, బృందం చేత పాడించే పెద్దావిడ, డెబ్బై ఆరేళ్ల మనిషి. పంట్లాం మోకాళ్ల దాకా మడుచుకుని దిగింది. వెనకే ఇంకో ఏడుగురు. వంటగది కిటికీలోంచి వీప్కెకి ముందు వాసన తగిలింది. తర్వాత హెసీనా గొంతు వినిపించింది, ఏమీ తొణక్కుండా.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి చూడు. ఇవి మనవే అనుకుంటాను."

వీప్కె డెక్కు మీదికి వచ్చేసరికి కాగితం ముక్కలు ఆ ఎనిమిదిమంది పిక్కల చుట్టూ తేలుతున్నాయి. మిగతాది చెప్పక్కర్లేదు. ఒకావిడ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి కదలకుండా నిలబడిపోయింది. రోమర్ట్ ఓడ అంచు దగ్గరికి వచ్చి కిందికి చూశాడు. ముఖం పాలిపోయింది. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు.

"క్షమించాలండీ. మా వీప్కె వాల్వు మూయడం మర్చిపోయినట్టుంది."

ఇరవై నాలుగు ముఖాలు ఆమె వైపు తిరిగాయి. పొద్దున్నే వెనిగర్ పట్టుకుని తిరిగే మనిషని వాళ్లంతా చూశారు. జాము సీసా చూశారు. టాయిలెట్ల మనిషి ఆమే. తప్పు ఆమెది కాక ఇంకెవరిదవుతుంది? పందొమ్మిదేళ్లుగా ఈ రేవులో ఆమెకి ఉన్నది ఆ ఒక్క పేరు. వీప్కె ఉన్న ఓడలో గొట్టం మూసుకుపోదు, వాసన రాదు. ఆ పేరుని అతను ఒక్క ముక్కలో తీసుకెళ్లి ఆ గుంటలో పారేశాడు.

ఆమెకి చెవులు వేడెక్కాయి. అరవలేదు. చేతిలో ఉన్న కత్తిని జాగ్రత్తగా సరుకు గది మూత మీద పెట్టింది.

"ఒరే రోమర్ట్, ఆ వాల్వు ఎక్కడుందో వీళ్లకి చెప్పు."

"ఇప్పుడెందుకు పిన్నీ."

"ఎక్కడుంది?"

చెప్పింది ఆమే. "నీ మంచం కింద. నీ గది తలుపు తీసి, నీ పరుపెత్తి, చెక్క తీస్తే గానీ చేయి అందదు. పొద్దుట్నుంచీ నేను ఆ గది గడప తొక్కలేదు. పిడి నా మేకుకి లేదు. నీ కోటు జేబు చూసుకో."

"అతిథుల ముందు వద్దు. మనం తర్వాత మాట్లాడుకుందాం."

"అతిథుల ముందే అన్నావు కదరా."

రోమర్ట్ చేయి దానంతట అదే జేబు దగ్గరికి వెళ్లింది. ఆ కదలిక చాలు. కింద హెసీనా, ఆ మురికినీళ్లలోనే నిలబడి, తలెత్తి చూస్తూ అంది: "బాబూ, మా బృందంలో శ్రుతి తప్పినవాళ్లు పక్కావిడ వైపు చూస్తారు. మేం అలా కనిపెడతాం."

ఎవరూ నవ్వలేదు. పారిపోదామంటే దారి లేదు. చుట్టూ నాలుగు మైళ్ల ఇసుక, నీళ్లు రావడానికి ఇంకా అయిదు గంటల పైన. ఓడ కదలదు. చేసినవాడూ, తొక్కినవాళ్లూ, అదీ అంతా ఒక్కచోటే ఉండాలి.

వీప్కె వంటగదిలోకి వెళ్లి తన మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు, పార, మూతలున్న బకెట్లు నాలుగు తెచ్చి రోమర్ట్ కాళ్ల దగ్గర పెట్టింది. తొడుగులు చిన్నవి అన్నాడతను. పందొమ్మిదేళ్లుగా నీకు సరిపోయేవి కొనాల్సిన అవసరం రాలేదంది. తర్వాత పెద్ద డేక్షాలో నీళ్లు కాచి, ఆ ఎనిమిదిమందికీ సబ్బూ తువ్వాళ్లూ ఇచ్చింది. సూపు వండింది. సూపు బాగానే ఉంది, కానీ సగం మంది గిన్నె ముట్టుకోలేదు. కిటికీ బయట పార ఇసుకని గీరుతున్న చప్పుడు రెండు గంటలు వినిపించింది. ఆమె ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆ గుంట దాటి అవతల, బూడిదరంగు మెత్తటి ఇసుకలో, లక్షల కొద్దీ పురుగులూ గవ్వలూ, వాటి కోసం ఉత్తర దేశాల నుంచి వచ్చే పిట్టలూ. వాటికి ఎవరూ సబ్బు ఇవ్వరని ఆమెకి మరింత మండింది.

బుధవారం రేవులో ఊనె కర్ర పట్టుకుని వచ్చాడు. సంగతి అతనికి అప్పటికే చేరింది. తప్పు వాడిదే అన్నాడు. వాణ్ణి తిట్టాను కూడా అన్నాడు. వీప్కె ఇంకో మాట కోసం చూసింది. ఆ మాట వచ్చింది.

"అయినా వీప్కె, నలుగురి ముందు అనకుండా ఉండాల్సింది. ఓడ పేరు పోతుంది కదా."

"నా పేరు పోతే?"

ఊనె కర్ర వైపు చూసుకున్నాడు. ఆమె పెట్టుబడి పెట్టలేదనో, ఓడ ఆమెది కాదనో అతను అనలేదు. అనక్కర్లేదు. ఆ మౌనం అంత సూటిగా ఉంది. కొడుకు అబద్ధం ఆమెకి ఒక్కరోజు కోపం. ఈ ముసలాయన మౌనం మాత్రం పదహారేళ్ల కిందట మేకు కొట్టిన చేతిని కూడా ఆమె లెక్కలోంచి కొట్టేసింది.

ఆ సాయంత్రమే ఆమె సామాను సర్దుకుంది. తన కత్తి, రబ్బరు బూట్లు, జాము సీసా తీసుకుంది. వెనిగర్ సీసా వదిలేసింది. రోమర్ట్ రేవు దాకా వచ్చి, పిన్నీ, పిడి మళ్లీ మేకుకి తగిలించాను, చూడు అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమెకి జాలి వేసింది, కానీ కాలు వెనక్కి వేసేంత కాదు. తగిలించింది చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి, నేను కాదు అంది.

వీప్కెకి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. మక్కుమ్ రేవులో త్రెయిన్యె అనే ఆవిడ సరంగుగా ఉన్న చిన్న ఓడలో పనిచేస్తోంది. టాయిలెట్లు మూడు. శుక్రవారం ఎన్ని ఓడలు వరసలో ఉన్నా, ట్యాంకు ఖాళీ అయ్యాకే తాడు విప్పుతారు.