రెండుసార్లు పోయిన మా అన్న

మా అన్న మొన్న కార్తీకంలో, జ్వరంతో, తెల్లవారిన కాసేపటికి ఇంట్లోనే పోయాడు. కబురు విన్నవాళ్లలో ఒకరిద్దరు "మళ్లీనా?" అన్నారట. వాళ్లనేం తప్పు పట్టను. మైపాడుకు దక్షిణాన ఉన్న మా జాలరి పాళెంలో అన్న చావు కబురు పుట్టడం ఇది రెండోసారి. మొదటిసారి ఆయన లేకుండానే ఆయనకు చితి పెట్టాం. ఈసారి మనిషి కళ్లెదుట ఉన్నాడు. తల నా ఒళ్లో ఉంది, పాదాలు మా వదిన చేతుల్లో ఉన్నాయి.

ఆ మొదటి చావు సంగతి ముందు చెప్పాలి. యాభైల చివర్లో ఒక తుపాను మా తీరాన్ని ఊడ్చిపెట్టింది. అన్న అప్పుడు మరొకరితో కలిసి తెప్ప మీద చేపల వేటకు పోయి ఉన్నాడు. తోడు వెళ్లినవాడి శవం పక్క పాళెం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అన్న రాలేదు. సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి మావాళ్లు వరిగడ్డితో బొమ్మ కడతారు. దానికి అతని చొక్కా తొడిగి, పాడె మీద మోసుకెళ్లి, నిప్పు పెడతారు. అలా చేయకపోతే ఆ జీవి నీళ్ల మీదే తిరుగుతూ, వేటకొచ్చినవాళ్లను పేరుపెట్టి పిలుస్తుందని నమ్మకం. అందుకే ఈ పనిని ఎవరూ నానబెట్టరు. ఊరిపెద్ద రోజు చెప్పాడు, బొమ్మ కట్టారు. చొక్కా నేనే పెట్టెలోంచి తీసిచ్చాను. మా అమ్మా నాన్నా అప్పటికే లేరు, ఇంకెవరు తీస్తారు? వదిన కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపారు.

నెలలు గడిచాయి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ ఒక మనిషి వచ్చాడు. గుండెల దాకా గడ్డం, ఎవరిదో పూలపూల లుంగీ. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు బుట్టలు వదిలేసి పరిగెత్తారు. వేపమండలు తెమ్మని ఎవరో కేకపెట్టారు. వదిన మాత్రం గడపలో నిలబడి ముందు ఆయన పాదాల కేసి చూసింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. అవి సరిగ్గానే ఉన్నాయి, పగిలి నెత్తురు కారుతున్నాయి. చెంబుతో నీళ్లు తెచ్చి వాటి మీద పోసింది. ఆ తర్వాతే ఏడ్చింది.

జరిగిందేమిటంటే, విరిగిన తెప్పదుంగను పట్టుకుని దక్షిణానికి కొట్టుకుపోతున్న అన్నను ఏ దేశానిదో ఒక సరుకుల ఓడ చూసి పైకి లాగింది. సిలోనులో, ఇప్పటి శ్రీలంకలో, దించింది. అక్కడ జ్వరంతో పడి ఉంటే, చేపలు పట్టుకుని బతికేవాళ్ల ఇంట్లో ఒక ముసలమ్మ నోట్లో గంజి పోసింది. అక్కడి ఆఫీసరు ఒకాయన పేరూ ఊరూ అడిగి, అర్థం కాక, తెలుగు తెలిసిన కూలీ ఒకణ్ని వెతికించి మరీ రాసుకున్నాడట. ఆ ప్రభుత్వమూ ఈ ప్రభుత్వమూ మాట్లాడుకుని, ఆయన్ను ధనుష్కోటి వచ్చే స్టీమరెక్కించాయి. మా పాళేనికి కబురు చేర్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు. "నన్ను కాపాడినోళ్లు నా కులమేందని అడగలేదు పాపా. అడిగినా నాకు అర్థమై చావదు గదా" అని నవ్వేవాడు అన్న. ముక్కూ మొహం తెలియని అన్ని దేశాల వాళ్లు చేతులు మార్చుకుంటూ ఆయన్ను ఇంటికి చేర్చారు. ఆయన మనిషేనని ఒప్పుకోవడానికి వాళ్లకు ఇబ్బంది లేకపోయింది. ఇబ్బంది పడింది మేము.

నెల్లూరు నుంచి పురోహితుణ్ని పిలిపించి, పసిబిడ్డకు చేసినట్టు పురిటి స్నానం చేయించి, మళ్లీ పేరుపెట్టించి, వదిన మెడలో మళ్లీ తాళి కట్టించాం. శాస్త్రం ఒప్పుకుంది, ఊరు ఒప్పుకోలేదు. సముద్రానికి ఇచ్చేసినదాన్ని వెనక్కి తీసుకుంటే అది బదులు అడుగుతుందని మావాళ్ల భయం. ఖర్మ కాలి, ఆ ఏడే ఊరిపెద్ద చిన్నకొడుకు వేటకు పోయి తిరిగి రాలేదు.

అన్న ఉన్నపళంగా ఆ ఇంటికి పోయి, గడ్డి కట్టొద్దు మామా, నేను రాలేదా, నీ బిడ్డా వస్తాడు, ఆగమని బతిమాలాడు. ఊరిపెద్ద ఆగాడు. ఊరంతా సణిగినా ఒక వేటకాలం పొడుగునా ఆగాడు. పిల్లవాడు రాలేదు. చివరికి బొమ్మ కట్టిన రోజున ఆయన మా అన్నతో పలికిన మాట ఇంకా నా చెవిలో ఉంది.

"నీ బదులు నా బిడ్డ పోయినాడు. పైగా ఆశపెట్టి నన్ను రోజూ చంపినావు."

ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. ఊరి కట్టడి, అదే దురాయి, వేసి మమ్మల్ని వెలి పెట్టలేదు గానీ, అన్నతో కలిసి ఒకే తెప్ప ఎక్కేవాడు మాత్రం లేకపోయాడు. "పోయినోడు" అన్నదే ఆయన పేరైపోయింది. పోయినోడి ఇల్లు, పోయినోడి వల. పురోహితుడు పెట్టిన కొత్త పేరు ఎవరికీ గుర్తు లేదు. అన్న చిన్న తెప్ప కట్టుకుని, ఒడ్డు కనిపించే మేరలోనే ఒంటరిగా వేటాడుకునేవాడు.

పొద్దున లేవగానే తన మణికట్టు తానే పట్టుకు చూసుకుని "ఉండానే" అనేవాడు. పొయ్యి దగ్గర్నుంచి వదిన "ఉంటే ఉండు, గంజి ఇంకా కాగలా" అనేది. వినడానికి సరసంలాగే ఉండేది. కానీ ఏ ఒక్క పొద్దూ మానలేదు. సాయంత్రమైతే తనను తగలబెట్టిన చోటికి పోయి కూర్చునేవాడు. అక్కడేం పనన్నా అని నేను విసుక్కుంటే, "మంచి చొక్కా తగలేసినారు గదా, దాన్ని తలుచుకుంటా ఉండా" అనేవాడు. ఒక్కసారి మాత్రం నిజం చెప్పాడు. అక్కడ కూర్చుంటే ఊరిపెద్ద కొడుకు వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుందట. తడిబట్టల వాసన కూడా తెలుస్తుందట. ఏమంటాడన్నా అని అడిగాను. "వాడు నన్నేం అనడు పాపా. అదే కష్టం" అన్నాడు. అప్పటినుంచి నేను అటువైపు చూడకుండా బడికి నడిచేదాన్ని.

నేను మా పాళెం బడిలోనే పంతులమ్మను. పెద్ద యుద్ధం ముగిశాక దేశాలన్నీ కూడి రాసుకున్న మానవ హక్కుల గురించి పిల్లలకు చెప్పమని ఒక ఏడు పైనుంచి ఆర్డరు వచ్చింది. మనిషి ఎక్కడున్నా సరే చట్టం అతన్ని మనిషిగా గుర్తించి తీరాలన్నది అందులో ఒకటి. బడి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న అన్న చేయి ఆపి, దాన్ని మళ్లీ చదవమన్నాడు. చదివాను. "రాసినోళ్లలో ఎవడో సముద్రంలో కొట్టుకపోయి వచ్చినోడు ఉండాడు" అన్నాడు. పిల్లలూ నేనూ నవ్వాం. ఆయన నవ్వలేదు.

తర్వాత అరవైల్లో యుద్ధం రోజులు వచ్చాయి. రేడియో నిండా శత్రువుల మాటే. అలాంటప్పుడు ఒక పొద్దున, తెరచాప చిరిగిపోయిన పరాయి పడవ మా ఇసుకకు తగిలింది. అందులో ముగ్గురున్నారు. ఎండకు పెదాలు చిట్లి, నిలబడలేకుండా ఉన్నారు. వాళ్ల భాష ఎవరికీ తెలియలేదు. అంతే, గూఢచారులన్నారు. కుర్రకారు వాళ్ల చేతులు వెనక్కి విరిచి వలతాళ్లతో కట్టారు. తెడ్లు పైకి లేచాయి. ఊరిపెద్ద చూస్తూ నిలబడ్డాడు, వద్దనలేదు. కొడుకు పోయినప్పటినుంచీ ఆయనకు సముద్రం మీంచి వచ్చేదేదీ గిట్టదు.

అన్న గుంపులోకి నడిచాడు. ఆయన్ను ఎవరూ తాకరు కాబట్టి దారి దానంతటదే వచ్చింది. సిలోనులో ఉండగా నీళ్లకు అక్కడివాళ్లు ఏమంటారో నేర్చుకున్నాడు, ఆ ఒక్క మాటా అన్నాడు. ముగ్గురూ తలలెత్తారు. ఒకడు ఏడ్చేశాడు. అన్న ఊరిపెద్ద వైపు తిరిగాడు.

"మామా, వీళ్ల ఇళ్లల్లో ఈపాటికి గడ్డి తెస్తా ఉంటారు."

ఊరిపెద్ద ఆ ముగ్గురిలో చిన్నవాణ్ని చాలాసేపు చూశాడు. తర్వాత కట్లు విప్పమన్నాడు. ఆ పరాయివాళ్లు మా ఇంట్లోనే తిన్నారు, మా ఇంట్లోనే పడుకున్నారు. ఇంకెవరింట్లో పడుకుంటారు? నెల్లూరు పోయి అధికారులకు నేను విన్నవించుకున్నాను, తంతి వెళ్లింది, కొన్నాళ్లకు వాళ్లను వాళ్ల దేశానికి పంపించారు. వాళ్లు క్షేమంగా చేరారని మాకు కబురు కూడా వచ్చింది.

ఆ తర్వాత ఊరిపెద్ద చుట్టుపక్కల పాళేల పెద్దల్ని, పులికాట్ సరస్సు అవతలి తమిళ పాళేల పెద్దల్ని కూడా పిలిపించి కొత్త కట్టుబాటు చేయించాడు. ఒడ్డుకు ఎవరు కొట్టుకొచ్చినా ముందు నీళ్లివ్వాలి, ఆ తర్వాతే పేరడగాలి. మన మనిషి కనబడకపోతే తీరం పొడుగునా, సిలోను దాకా, కబురు పంపాలి. అన్నివైపుల నుంచీ జవాబు వచ్చేదాకా గడ్డి ముట్టకూడదు. దేశాల మధ్య స్నేహం గురించి పెద్దవాళ్లు పెద్ద మాటలు చెబుతారు, మా తీరానికి అర్థమైంది ఇంతే. ఈ కట్టుబాటు వల్ల ఎన్ని ఇళ్లల్లో గాజులు నిలిచాయో మా ఆడవాళ్లకు తెలుసు. ఆగమన్న మాట మొదట చెప్పింది అన్నే. కానీ ఆ కూటానికి ఆయన్ను పిలవలేదు. పిలవలేదని నేను మండిపడితే, "పోయినోణ్ని ఎవురన్నా కూటానికి పిలస్తారా?" అని నన్నే ఆటపట్టించాడు.

ఇక మొన్నటి పొద్దు. ఇంటి ముందు గుంపు చేరింది గానీ ఒక్కరూ లోపలికి రాలేదు. ఒకసారి నిప్పు పెట్టినవాడికి రెండోసారి పెడితే ఇంకెవరి ప్రాణమో పోతుందని గుసగుసలు. ఆడవాళ్లిద్దరూ చప్పుడు కాకుండా ఇసుకలో పూడ్చుకుంటే సరిపోతుందని ఒకరి సలహా. నాకు దుఃఖం పోయి ఒళ్లు మండింది. వదిన అన్న పాదాలు వదిలి గడపలోకి వచ్చింది.

"అప్పుడు గడ్డికి పాడె మోసినారు. ఇప్పుడు మనిషికి మోయండి" అంది.

ఎవరూ కదల్లేదు. అప్పుడు ఊరిపెద్ద వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు, చూపు కూడా సరిగా ఆనదు. గడప దాటి లోపలికొచ్చి, అన్న పక్కన కూలబడి, ముఖం మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు. ఎవరి ముఖాన్ని వెతుక్కుంటున్నాడో నాకు తెలుసు. కాసేపటికి గోడ పట్టుకుని లేచి ఒడ్డుకు నడిచాడు. మేమంతా వెనకే వెళ్లాం.

మా పాళెంలో ఊరిమనిషి పోతే ఆ రోజు వల తడవకూడదు. అప్పటికే వేటకు పోయినవాళ్లను వెనక్కి పిలవాలి. ఆ పిలుపు ఊరిపెద్ద తప్ప ఇంకెవరూ పిలవడానికి లేదు. ఆ పొద్దున తెప్పలన్నీ చీకటితోనే పోయాయి, కానాగంత చేపలు బాగా పడుతున్న రోజులు. ఆయన భుజం మీది తుండు తీసి ఒక గెడకు కట్టి, రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. ఎవరో గెడ అందుకోబోయారు. ఇవ్వలేదు. ఎవరు పోయారో అంత దూరాన ఉన్నవాళ్లకు తెలియదు. ఊరిమనిషి ఒకడు పోయాడని మాత్రం తెలుస్తుంది. నీళ్ల చివర ఒక తెరచాప తిరిగింది. తర్వాత దాని పక్కది. కాసేపటికి అన్నీ, పొడి వలలతో, ఒడ్డు వైపు వస్తున్నాయి.